దేహశుద్ధియు నిత్యభోజనమును

(వార్షికోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఉద్యోగార్థమై ఢిల్లీ నగరమునకు వచ్చిన తెలుగు యువకుడు తాను తల్లిదండ్రులను, స్నేహితులను, పుట్టిన ఊరిని విడిచి వచ్చినానని తలచును. అతనికి వెంటనే తెలియరాని విషయము మరియొకటి కలదు. అతడు వంటయింటిని కూడ విడిచి వచ్చినాడు. తక్కిన వానికొరకు అతడు బెంగపడును, ఫోనులో మాటలాడును, సెలవు పెట్టి రైలెక్కును. వంటయింటి లోటును మాత్రము మొదట దేహము కనిపెట్టును. మనస్సు చాల కాలమునకు గాని కనిపెట్టదు.

ఇంటిలో నున్నంత కాలము అతడు ఆహారమును గురించి ఆలోచించిన దినము లేదు. తోటకూర పప్పో, గోంగూరో, బీరకాయ కూరో, పులుసో, చారో, కడపట పెరుగన్నమో వేళకు ఎదుటికి వచ్చుచుండెను. నిన్న దుంపకూర అయినది కావున నేడు ఆకుకూర వండవలెనని తలపోయుట తల్లి పని. ఆ తలపోతయే తన ఆరోగ్యమునకు కావలి యని అతనికి ఎవరును చెప్పలేదు; చెప్పవలసిన అవసరమును కలుగలేదు.

ఢిల్లీలో అతనికి మునిర్కాలోనో, లక్ష్మీనగరులోనో, నోయిడాలోనో ఒక గది దొరకును. ఉదయము మెట్రో అందుకొనవలెనను తొందరలో ఒక కప్పు టీ తప్ప మరేమియు ఉండదు. పదకొండు గంటలకు మరల టీ, దానితో సమోసాయో, బ్రెడ్ పకోడాయో. అరగంట మధ్యాహ్న విరామములో ఛోలే భటూరే. రాత్రి పది గంటలకు గుమ్మము కడకు వచ్చు బిర్యానీ పొట్లము. ఇట్లు రెండేండ్లు గడచునప్పటికి నడికట్టు రెండు రంధ్రములు వెనుకకు జరుగును. గుండెలో మంట, మలబద్ధకము, మధ్యాహ్నము ఫైళ్ల ముందు కునికిపాటు, మెట్లెక్కిన ఆయాసము ఒకదాని వెంట నొకటి చేరును. ఈ యువకుడు ఒక వ్యక్తి కాడు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు అనేకుల పోలిక. యువతుల విషయమును ఇంతకంటె భిన్నము కాదు.

ఇట్టి సమయమున అతని చెవిని ఒక మాట పడును: దేహశుద్ధి. లోపల విషములు పేరుకొన్నవి, వానిని కడిగివేయవలెనని ఒకరందురు. మూడు దినములు రసములే త్రాగుమని ఒకరు, ఉప్పును నూనెను పూర్తిగా మానుమని ఒకరు, వరియన్నము మాని కొబ్బరినూనె త్రాగుమని ఇంకొకరు బోధింతురు. రెండేండ్ల తప్పును మూడు దినములలో దిద్దుకొనవచ్చునన్న ఆశ మిక్కిలి తీయనిది. ఆ ఆశ వలన యువకుడు ఏమి పొందును, ఏమి పోగొట్టుకొనును అనునదే నేటి ప్రసంగ విషయము.

దేహశుద్ధి యను భావము తెలుగువారికి క్రొత్తది కాదు. పిల్లలకు అప్పుడప్పుడు ఆముదము పట్టించుట పూర్వపు ఇండ్లలో ఆచారము. ఏకాదశి ఉపవాసము ఇప్పటికిని కలదు. లంఘనము పరమౌషధమను సామెత యెరుగని వారు లేరు. జర్మనీలోని లైప్‌జిగ్ నగరవాసి లూయీ కూనే రచించిన ప్రకృతి చికిత్సా గ్రంథమును 1894లో ద్రోణంరాజు వేంకటచలపతి శర్మగారు తెలుగులోనికి అనువదించిరి. భారతదేశమున ప్రకృతి చికిత్సోద్యమమునకు ఆ తెలుగు అనువాదము ఆదిలో ఊతమిచ్చినదని ఆ ఉద్యమ చరిత్రకారులు చెప్పుదురు. దేహములో చేరిన అన్యపదార్థమే సకల వ్యాధులకును మూలమనునది కూనే సిద్ధాంతము. సాదా ఆహారము, నీరు, ఎండ, నడక, విశ్రాంతి అను ఆయన ఉపదేశములలోని మేలు నిలిచినది. సకల రోగములకును కారణ మొక్కటే యనుట మాత్రము నిలువలేదు. క్షయకు సూక్ష్మజీవి కారణము. బెరిబెరికి థయమిన్ అను విటమిను లోపము కారణము. ఇట్లు ఒక్కొక్క వ్యాధికి ఒక్కొక్క కారణము తేలినది. ఐనను లోపల మురికి కలదను భావము జనుల మనస్సులలో నిలిచిపోయినది. నేటి రసపు సీసాలు ఆ భావము మీదనే అమ్ముడుపోవుచున్నవి.

వాస్తవమునకు దేహమును శుద్ధిచేయు పనివారు దేహములోనే కలరు. మూత్రపిండములు రెండును కలసి ఒక్క దినములో సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తము నుండి వడగట్టును. అందులో దాదాపు అంతయు మరల రక్తములోనికే చేరి, లీటరున్నర మొదలు రెండు లీటర్ల వరకు మాత్రము మలినములతో మూత్రముగా వెలువడును. కిలోన్నర బరువుగల కాలేయము మాంసకృత్తుల నుండి పుట్టు అమోనియాను యూరియాగా మార్చి మూత్రపిండములకు అప్పగించును. మద్యమును, మందులను విరిచి బయటికి పోవునట్లు చేయును. ఊపిరితిత్తులు ప్రతి శ్వాసతో బొగ్గుపులుసు వాయువును వెలికి పంపును. ప్రేగు లోపలి పొర కొద్ది దినముల కొకసారి తనంతట తానే క్రొత్తది యగును. ఈ పనివారికి ఆదివారము లేదు. వారిని కడుగుటకు వేరొకరు రానక్కరలేదు. వారిపై మోయరాని బరువు వేయకుండిన చాలును.

అట్లయిన మూడు దినముల రసపానముతో దేహము తేలికయైనదని యువకుడు చెప్పుట అబద్ధమా? అబద్ధము కాదు. అయితే ఆ తేలికకు కారణము వేరు. కాలేయమునందును కండరములందును నిలువయున్న గ్లైకోజెన్ అను పిండిపదార్థము ఆహారము తగ్గగానే కరగును. దానిని అంటిపెట్టుకొని యుండు నీరు దాని బరువునకు సుమారు మూడింతలుండును. అదియు వెంటనే పోవును. తూకములో తగ్గినది చాలవరకు ఈ నీరే. నాలుగవ దినమున అన్నము తినగానే అది తిరిగి వచ్చును. మరియు ఆ మూడు దినములు అతడు సమోసా తినలేదు, పంచదార టీ త్రాగలేదు, రాత్రి పదింటికి బిర్యానీ తెప్పించుకొనలేదు. గుండెమంట తగ్గుట అందువలననే. మానివేసిన దాని వలన కలిగిన మేలును త్రాగిన దానికి అంటగట్టుట ఇందలి పొరపాటు.

ఈ పొరపాటు కేవలము ధననష్టముతో ముగిసిన ఇంతగా చెప్పుకొన నక్కరలేదు. ఒక్కొక్కప్పుడు అది ప్రాణముల మీదికి వచ్చును. 2010లో ఈ ఢిల్లీ నగరముననే ఒక విద్యావంతుడు ఆరోగ్యము కొరకు సొరకాయ రసము త్రాగి మరణించెను. రసము చేదుగా నుండెను. ఆరోగ్యమునకు మంచిదన్న నమ్మకమున ఆ చేదు లెక్కకు రాలేదు. పిమ్మట భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘమును నియమించి, ఇట్టి సంఘటనలను పరిశీలింపజేసెను. ఆ సంఘము నివేదిక 2012లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ పత్రికలో వెలువడినది. సొర, దోస, పొట్ల మున్నగు తీగజాతి కాయలలో కుకుర్బిటాసిన్లు అను చేదు విషపదార్థములు అరుదుగా పెరుగుట కలదు. అట్టి రసము త్రాగినవారికి వాంతులు, విరేచనములు, రక్తపు వాంతి, రక్తపుపోటు పడిపోవుట సంభవించును. దానికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. కావున రసము తీయుటకు ముందు చిన్న ముక్క రుచి చూడవలెననియు, చేదుగా నున్న కాయను పూర్తిగా పారవేయవలెననియు, సొరకాయ రసమును మరి ఏ రసముతోను కలుపరాదనియు, త్రాగిన పిమ్మట వికారము కలిగినచో తక్షణమే ఆసుపత్రికి పోవలెననియు ఆ సంఘము హెచ్చరించినది.

ఇందులో తెలుగు గృహిణికి తెలియని దేమున్నది? దోసకాయ పప్పు చేయబోవునప్పుడు ముక్క కోసి నాలుకకు తగిలించి చూడనిదే ఏ ఇల్లాలును దానిని గిన్నెలో వేయదు. ఉడికించినను ఆ చేదు పోదని ఆమె యెరుగును. రామకృష్ణపురములోని ఏ తెలుగింటనైనను ఇట్టి సంభాషణ జరుగవచ్చును.

“పిన్నిగారూ, రోజూ పొద్దున్నే సొరకాయ రసం తాగుతున్నానండీ. ఒంటికి మంచిదట.”

“ముక్క నాలిక్కి తగిలించి చూస్తున్నావా నాయనా?”

“కాకరకాయ కూడా కలుపుతానండీ. ఎలాగూ చేదే కదా!”

“మరి ఆ చేదు కాకరదో, సొరదో నీకెలా తెలుస్తుంది?”

నిపుణుల సంఘము చేసిన సూచనకును ఆ పిన్నిగారి ప్రశ్నకును భేదము లేదు. వంటయింటిలో నాలుక కావలి కాయును. ఔషధమని పేరు పెట్టి కన్నులు మూసికొని మ్రింగునప్పుడు ఆ కావలి తొలగిపోవును. యువకుడు ఊరిలో విడిచి వచ్చినది ఈ కావలినే.

తక్కిన పద్ధతులయందును జాగ్రత్త అవసరము. మధుమేహమునకు మందులు వాడువారు వైద్యుని అడుగక ఉపవాసముండిన రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. పదే పదే విరేచనకారులు వాడిన నీరును లవణములును నష్టమగును. పాలకూర వంటి ఆకుల రసమును దినదినము పెద్ద మోతాదులో త్రాగిన అందలి ఆక్సలేటు వలన మూత్రపిండములు చెడిన సందర్భములును వైద్య గ్రంథములలో కలవు. పంచకర్మ, శంఖప్రక్షాళన మున్నగునవి యోగ్యులైన వైద్యుల, గురువుల సమక్షమున జరుగవలసినవే గాని గదిలో ఒంటరిగా చేసికొనునవి కావు. ఇదియంతయు మొదలు పెట్టుటకు పూర్వము రక్తపరీక్ష యొకటి చేయించుకొనుట మేలు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1954లో ఈ ఢిల్లీలోనే ఆరంభమైన ఆరోగ్య పథకము అందుబాటులో నున్నది. అలసటకు కారణము విషములు కావు, రక్తహీనతయో, థైరాయిడ్ లోపమో, మధుమేహమో యని ఆ పరీక్షలో తేలిన, రసములతో పోగొట్టుకొను నెలలు మిగులును.

మరి మార్గమేది? ఇల్లు విడిచి పరాయి నగరమున చిక్కుకొన్న ఒక యువకుని ఉదాహరణము అందరికిని తెలిసినదే యైనను ఇచ్చట స్మరింపదగినది. 1888 సెప్టెంబరు చివర మోహన్‌దాస్ గాంధీ న్యాయశాస్త్ర విద్యార్థియై లండను చేరెను. మాంసము ముట్టనని తల్లికి మాట ఇచ్చెను. పూటకూటి ఇండ్ల చప్పిడి కూరలతో అర్ధాకలి. కాళ్లరిగినట్లు తిరిగి తిరిగి ఫారింగ్‌డన్ వీథిలో ఒక శాకాహార భోజనశాలను కనుగొని, ఇంగ్లండు చేరిన తరువాత మొదటిసారి కడుపునిండ భుజించెను. అక్కడనే హెన్రీ సాల్ట్ రచించిన పుస్తకమును కొని చదివెను. పిదప ఒక గది తీసికొని, పొయ్యి అమర్చుకొని, ఉదయము ఓట్ల జావయు కోకోయు తానే కాచుకొని, రాత్రి రొట్టెయు కోకోయు తీసికొనుచు, దినమునకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో భోజనము గడుపుకొనెను. ఇంటినుండి తెప్పించుకొను మిఠాయిలను, మసాలాలను మానెను. తొలుత చప్పగా తోచిన ఉడికిన పాలకూరయే తరువాత ఆయనకు రుచించినది. రుచికి నిజమైన స్థానము నాలుక కాదు, మనస్సే యని ఆయన అనుభవమున గ్రహించెను.

ఇందు గమనింపవలసిన దేమనగా, ఆయన మొదట చేసినది దేహమును కడుగుట కాదు, పొయ్యి వెలిగించుట. అంతియేగాక, కూనే చెప్పిన తొట్టిస్నానములను, మట్టిపట్టీలను అభిమానించిన ఆ మహనీయుడే తన ఆహార ప్రయోగములను అనుభవముతో సరిచూచుకొనుచు వచ్చెను. 1912లో పాలు మానెను; 1918లో తీవ్రముగా జబ్బుపడి కోలుకొనలేకపోయిన మీదట మేకపాలు స్వీకరించెను. 1942లో పూనాలోని ఆగాఖాన్ భవనమున నిర్బంధములో నుండి ఆరోగ్యమును గూర్చి వ్రాసినప్పుడు, శాకాహారులకు పాలు అవసరమని తన అనుభవమును నిర్మొగమాటముగా చెప్పెను. పట్టుదలకు పేరొందిన వాడే దేహము చెప్పిన మాట వినెను. నేటి యువకుడు ఎవరో చెప్పిన నియమమునకై దేహము మాట పెడచెవిని పెట్టుట తగునా?

దేహము మాటను శాస్త్రరీతిని విని చెప్పు సంస్థ తెలుగుగడ్డ మీదనే యున్నది. 1918లో కూనూరులో మెకారిసన్ దొర బెరిబెరి పరిశోధనతో ఆరంభించిన కేంద్రము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేరు వహించినది. భారత వైద్య పరిశోధన మండలికి చెందిన ఆ సంస్థ 2024లో భారతీయులకు 17 ఆహార సూత్రములను ప్రకటించినది. 2000 కేలరీల దినభోజనములో కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, ధాన్యములు 250 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు లేక గ్రుడ్డు, మాంసములు 85 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండవలెనని ఆ సంస్థ సూచన. ఇవి వండక ముందటి తూకములు. ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదు. ఈ పట్టికలో శుద్ధిరసమునకు తావు లేదు. ధాన్యము కంటె కూరలు మిక్కుటముగా నుండుట మాత్రము కలదు. తెలుగువారి పళ్లెములో అన్నపు రాశి ప్రక్క కూర నంజుకొనునంత యుండును. ఆ కొలత తలక్రిందులు కావలెను. ఆవకాయ, గోంగూర పచ్చడి తెలుగువారి సొత్తే యైనను, ఉప్పు లెక్కలో అవి మొదటివని మరువరాదు.

ఇది ఢిల్లీలో అసాధ్యము కాదు. కొన్ని నెలలలో ఊరికంటె సులభము. చలికాలమున ఎర్ర గాజరలు, ముల్లంగి, మెంతికూర, పాలకూర, ఆవకూర, తెలుగునాట చక్రవర్తికూర యని పేరొందిన బథువా వీథి బండ్లమీద రాశులు పోసి యుండును. రాజ్మా, సెనగలు ఏ దుకాణమునైనను దొరకును. 1985 నుండి కేంద్ర కార్యాలయములకు వారమునకు ఐదు దినములే పని కావున, శనివారము సంతకు పోయి కూరలు తెచ్చుకొనుటకు తీరిక కలదు. ఒక కుక్కరు, ఒక మూకుడు, పెరుగు తోడుపెట్టుకొను గిన్నె ఒకటి — ఈ సామగ్రి చాలును. మొదటి వారము పప్పు, ఆకుకూర కలిపి వండుట నేర్చుకొనిన, రెండవ వారము డబ్బా కట్టుకొని ఆఫీసునకు పోవచ్చును. డబ్బా యున్నవాడు కాంటీను వరుసలో నిలువడు. భోజనమునకు గంట ముందును గంట తరువాతను టీ త్రాగకుండిన ఆకుకూరలోని ఇనుము వంటబట్టును. పండును పిండక నమిలి తినిన పీచుపదార్థము పోదు. ఆ పీచే మలబద్ధకమునకు మందు. రాత్రి భోజనము ఎనిమిదింటికి ముగించి అరమైలు నడచిన గుండెమంట దానంతటదే తగ్గును. 2025లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ, చిరుతిండ్లలోని నూనెను, పంచదారను తెలుపు పలకలను కార్యాలయములలో పెట్టవలెనని తక్కిన శాఖలను కోరినది. పలక చదివినంత మాత్రమున సమోసా తగ్గదు. ప్రక్కన ఇంటి డబ్బా యుండిన తగ్గును.

ఇట్లు చెప్పుట ఉపవాసమును నిందించుట కాదు. ఆరోగ్యవంతుడు పదునైదు దినముల కొక పూట మితముగా భుజించుట నిగ్రహమునకు అభ్యాసము. అది మనస్సును శిక్షించుకొను వ్రతమే గాని, పద్నాలుగు దినముల విచ్చలవిడి తిండికి ప్రాయశ్చిత్తము కాదు. ప్రాయశ్చిత్తమునకు మార్గమున్నదని తెలిసినవాడు తప్పు చేయుటకు జంకడు. దేహశుద్ధి యను మాటలోని పెద్ద అపాయమిదియే.

ఈ విషయమున సంఘమునకును, కుటుంబములకును కర్తవ్యము కలదు. ఏటేట పరీక్షలలో నెగ్గి ఢిల్లీకి వచ్చు తెలుగు బిడ్డలకు ఇల్లు చూపుట, భాష తెలియనిచోట తోడు నిలుచుట సంఘ సభ్యులు చేయుచునే యున్నారు. దానితోపాటు నెలకొక ఆదివారము ఏదేని ఒక ఇంటిలో నలుగురు యువకులను పొయ్యి యొద్ద నిలువబెట్టి పప్పు, కూర, చారు వండుట నేర్పవచ్చును. మగపిల్లవాడు వంట నేర్చుట నామోషి యను తలంపు ఉండిన అది ఆనాడే పోవలెను. కొడుకులను దూరదేశములకు పంపు తల్లులు, పచ్చడి జాడీలతోపాటు పప్పు వండు విధమును కూడ మూటగట్టి పంపవలెను. జాడీ రెండు నెలలలో ఖాళీయగును. నేర్చిన వంట ఎచ్చటికి బదిలీ అయినను వెంట వచ్చును.